తిరిగొచ్చిన పాలగిన్నె

"సామాను దించుర్రి అంటున్న గద! చెవులు లేవా మీకు?" గట్టయ్య టెంపో రేకు మీద అరచేత్తో కొట్టాడు.

హమాలీలిద్దరూ అతని వైపు చూడలేదు. ఓదెమ్మ వైపు చూశారు. ఆమె తన ఇంటి గడపకు బయట, అరుగు మీద కూర్చుని ఉంది. ఒంటి మీద కొత్త పట్టుచీర, ఒళ్ళో పసుపు రాసి దారం కట్టిన ఇత్తడి గిన్నె. అందులో పాలు. పొద్దున కొత్త ఫ్లాటులో పొంగాల్సిన పాలు.

"దించనియ్య," అంది ఓదెమ్మ.

"ఎందుకు దించనియ్యవ్? రోడ్డు మీద కాపురం వెడ్తవా?"

"పొంగని పాలు పట్టుకోని ఎల్లిన గడప మళ్ళ ఎట్ల తొక్కాలె? మీ అమ్మ ఉన్నప్పుడు ఇట్ల చేస్తే ఊకుంటుండెనా? ముందుగాల గీ పాలు ఏడ పొంగుతయో చెప్పు. అటెన్క దించు."

పొద్దున్నే భివండి నాగావ్‌లోని ఆ గల్లీ అంతా చేరి వీళ్ళను సాగనంపింది. కొబ్బరికాయ కొట్టారు, టెంపో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గట్టయ్య ఫ్లాటుకు పోతున్నాడని ముసలివాళ్ళు మురిసిపోయారు, అతని ఈడువాళ్ళు కుళ్ళుకున్నారు. ఎండ ఎక్కేసరికి అదే టెంపో, అదే బీరువా, అదే దేవుడి పటాల మూట వచ్చి అదే గుమ్మం ముందు నిలబడ్డాయి. ఫ్లాటున్న అంజూర్ ఫాటా దాకా పోయి, సొసైటీ గేటు దాటకుండానే వెనక్కి వచ్చాయి. గల్లీకి ఇంతకన్నా పెద్ద సినిమా ఏం కావాలి? కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

అయితే చూడడమే తప్ప వినడానికి లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో గట్టయ్య ఎనిమిది సాంచలు ఆడుతున్నాయి. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్ళు సాంచ అంటారు. గల్లీలో ప్రతి ఇంటి వెనకా సాంచలే. ఆ చప్పుడులో నాగావ్ జనం మెల్లగా మాట్లాడడం ఎప్పుడో మరిచిపోయారు. ప్రేమైనా పోట్లాటైనా అరిచే చెప్పుకుంటారు. ఎంత అరిచినా పక్కింటికి వినిపించదు కదా అన్న ధైర్యంతో, అనకూడనివి కూడా హాయిగా అనేస్తారు.

ఎదురింటి బుచ్చమ్మ ఆగలేకపోయింది. కొంగు సర్దుకుంటూ వచ్చి ఓదెమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"ఏంది ఓదెమ్మా, ఏమన్న మరిచిపోయి వచ్చిండ్రా?"

"ఆఁ. ఇజ్జత్ మరిచిపోయినం. తీసుకపోదామని వచ్చినం."

బుచ్చమ్మ మొహం మాడింది. పోయి తన అరుగు మీద కూర్చుంది. లోపలికి మాత్రం పోలేదు.

టెంపో డ్రైవర్ హారన్ కొట్టాడు. "సేఠ్, సామాన్ ఉతార్నా హై క్యా? మేరా దూసరా భాడా హై!" ఇంకో కిరాయి ఉందట.

"రుకో బే!" గట్టయ్య అతని మీద విరుచుకుపడ్డాడు. గేటు దగ్గర అరవలేకపోయిన అరుపంతా ఇప్పుడు దొరికినవాడి మీద పడుతోంది.

గేటు దగ్గర అతను అరవలేదు. అదే అతన్ని తినేస్తోంది.

తెల్లబట్టల్లో సొసైటీ చైర్మన్, వెనక ఇంకో నలుగురు. పాలగిన్నెతో నిలబడ్డ ఆడమనిషిని చూసి కూడా వాళ్ళు పక్కకు జరగలేదు. "ఇథే ఆమ్హీ తెలుగు లోకాంనా జాగా దేత్ నాహీ," అన్నాడు చైర్మన్, కూరగాయల బండివాణ్ణి పొమ్మన్నట్టు. తెలుగువాళ్ళకు ఇక్కడ చోటివ్వరట. బిల్డర్ అమ్మితే అమ్మాడట, వీళ్ళు రానివ్వరట. తెలుగువాడు ఒకడొస్తే వెనక పదిమంది వస్తారట. చావుకు డప్పులు కొడతారట. ఏడాది తిరక్కుండా హాల్లో సాంచ పెట్టేస్తారట.

గట్టయ్య భివండిలోనే పుట్టాడు. మునిసిపాలిటీ మరాఠీ బడిలో చదివాడు. ఇది నా ఊరే, నేను ఇక్కడివాణ్ణే అని మంచి మరాఠీలో, మర్యాదగా చెప్పుకున్నాడు. చైర్మన్ నవ్వాడు.

"అరే వా! మరాఠీ ఛాన్ బోల్తోస్!"

యాభై ఏళ్ళ మనిషిని పట్టుకుని నువ్వు అన్నాడు. భలే నేర్చుకున్నావే అని పిల్లవాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు. తిట్టినా ఇంత మండేది కాదు. ఆ మెప్పు విని గట్టయ్య టెంపో ఎక్కేశాడు.

కూతురు ఆర్తి మాత్రం గేటు దగ్గర నోరు విప్పింది. "కాయదా మాహీత్ ఆహే కా తుమ్హాలా?" అని చైర్మన్‌ను అడిగింది. చట్టం తెలుసా అని. తండ్రి రెక్క పట్టి ఆమెను టెంపోలోకి లాగాడు. ఆ రెక్క ఇంకా ఎర్రగానే ఉంది.

ఇప్పుడు ఆర్తి అరుగు పక్కన, మీదికి పోయే ఇనుప మెట్లకు ఆనుకుని నిలబడింది. తల్లి దగ్గరికి వంగి అరిచింది.

"అమ్మా, మీద అర్ర ఉన్నది గద! కట్టినప్పటి సంది అండ్ల ఎవలూ ఉండలే. పాలు ఆడ పొంగియ్యి!"

ఓదెమ్మ తలెత్తి చూసింది. కిందటేడు కట్టించిన గది. సున్నం కూడా మాయలేదు. అక్కడ ఇంతవరకు పొయ్యి వెలగలేదు. ఆమె మొహంలో కొద్దిగా వెలుగు వచ్చింది.

"గిది అక్కెరకొచ్చే మాట," అన్నాడు గట్టయ్య వెంటనే. "పో. పొంగిచ్చి రా. వీళ్ళు సామాను దించుతరు."

"ఉత్తగ పొంగిస్తరా బాపు?" ఆర్తి మెట్ల ముందు నుంచి జరగలేదు. "ఎవలన్న ఉండే ఇంట్ల పాలు పొంగిస్తరు. ఆ అర్రల ఎవలు ఉంటరు?"

"ఎవలో ఒకలు ఉంటరు. నీకెందుకు?"

"కొండయ్య కాక కిరాయికి అడిగిండు గద. ఏం చెప్పినవ్?"

గట్టయ్య షెడ్డు వైపు చూశాడు. షెడ్డు తలుపు ఇంటి పక్క సందులోకే ఉంటుంది. సందు మొదట్లో దెబోరా కండె మిషన్ ముందు కూర్చుని నూలు చుడుతోంది. వెనక, సాంచల మధ్య, ఆమె మొగుడు కొండయ్య. ఇద్దరూ పదిహేనేళ్ళుగా ఈ షెడ్డులోనే పనిచేస్తున్నారు. ఇద్దరిదీ కరీంనగర్ పక్కే. గట్టయ్య తండ్రి ఆగయ్య బతుకుతెరువుకు బయల్దేరి వచ్చిన పల్లెకు రెండు ఊర్ల అవతల. రోడ్డు వెడల్పు చేస్తామని వాళ్ళుండే చాల్‌ను, ఆ వరస గదుల ఇళ్ళను, కూల్చేశాక, కొండయ్య భార్యనూ పదో తరగతి చదివే కూతురు బ్లెస్సీనీ తీసుకుని చర్చి వెనక ప్రార్థన గదిలో తలదాచుకున్నాడు. వానల లోపు ఖాళీ చెయ్యాలని పాస్టర్ చెప్పాడు. ఎక్కడ ఇల్లు అడిగినా ఇంటివాళ్ళు ముందు పేర్లు అడుగుతారు. మరాఠీవాళ్ళు కొండయ్య పేరు వినగానే ఖాళీ లేదంటారు. తెలుగువాళ్ళు దెబోరా పేరు దాకా ఆగి, అప్పుడు ఖాళీ లేదంటారు.

"బామ్మర్ది వస్తున్నడని చెప్పిన," అన్నాడు గట్టయ్య.

ఓదెమ్మ గిన్నె అరుగు మీద పెట్టింది. "ఏ బామ్మర్ది?"

"ఏదో ఒకటి చెప్పాలె గదనే..."

"నాకు అన్నల్లేరు, తమ్ముళ్ళు లేరు. నలుగురం ఆడపిల్లలమే. అది కొండయ్యకు తెల్వదా? మా నాయిన చచ్చిపోతే తలకొరివి పెట్టేటందుకు కొడుకు లేడని నేను ఏడ్సినప్పుడు, కొండయ్య నా ముంగటనే ఉండె. బామ్మర్ది వస్తున్నడట! ఏడికెళ్ళి వస్తడు, ఆకాశం నుంచా?"

ఇంకో రోజైతే ఆర్తి నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు.

"బాపు, పోయిన ఐతారం నీకు నా పుస్తకం చదివి ఇనిపిస్తి, యాదికున్నదా? అమెరికాకు పోయిన ఇటలీ వాళ్ళ కథ."

ఆర్తి బి.ఏ. ఆఖరి సంవత్సరం. అమెరికా చరిత్ర ఒక పేపరు. గట్టయ్యకు ఆ పాఠం బాగా గుర్తుంది. కూతురు మరాఠీలో చదువుతుంటే నూలు దుమ్ము పట్టిన కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. ఇటలీ నుంచి పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి పోయినవాళ్ళు. ఇటుకలు మోసినవాళ్ళు, బట్టలు కుట్టినవాళ్ళు. వాళ్ళ భాషను వెక్కిరించారు, వాళ్ళు తినే తిండిని వెక్కిరించారు, ఇళ్ళు ఇవ్వలేదు. న్యూ ఆర్లీన్స్ అనే ఊర్లో పదకొండుమందిని జైల్లోకి చొరబడి మరీ గుంపు చంపింది. వాళ్ళలో కొందరిది తప్పు లేదని కోర్టు చెప్పాక కూడా చంపింది. మంచిపనే అయ్యిందని పత్రికలు రాశాయి.

"గదే మన కథ బిడ్డా," అన్నాడు ఆ రోజు గట్టయ్య. ఆ వెంటనే తన తండ్రి సంగతి చెప్పాడు. ఆగయ్య ఒకసారి సొంతూరికి పోయి వస్తూ కల్యాణ్ స్టేషన్‌లో దిగితే, అండూ గుండూ అని తెలుగును వెక్కిరిస్తూ కొందరు లుంగీ పట్టుకుని లాగేశారు. ఎనిమిదేళ్ళ గట్టయ్య చెయ్యి పట్టుకుని ఆగయ్య చెడ్డీతో ప్లాట్‌ఫారం దాటాడు. చచ్చేదాకా మళ్ళీ లుంగీ కట్టలేదు. గట్టయ్య ఇప్పటికీ ఇంట్లో తప్ప కట్టడు.

"యాదికుంటే ఏంది?" అన్నాడిప్పుడు. "గేటు కాడ నా మొహం మీద ఉమ్మినంత పని చేసిండ్రు. నువ్వు ఇటలీ వాళ్ళ పాఠం చెప్తవా?"

"నేను సగమే చదివిన ఆ రోజు. అండ్ల ఇంక సగం ఉన్నది. ఇంటవా?"

"అక్కెర్లే."

"ఇను బాపు. వాళ్ళు గట్లనే పడి ఉండలే. వాళ్ళ పిల్లలు చదివిండ్రు. దుకాణాలు పెట్టిండ్రు. సొంతిండ్లు కట్టిండ్రు. అంత బాగనే అయ్యింది. అప్పుడు వాళ్ళ గల్లీలకు నల్లోళ్ళు ఇల్లు అడుగుకుంట వచ్చిండ్రు. తాతను తరిమిన సంగతి మరిచిపోయి, మనుమలు ఆ నల్లోళ్ళ కిటికీల మీద రాళ్ళు ఇసిరిండ్రు. అందరు కాదు. శానమంది. మాగ్ త్యాంచ్యాత్ ఆణి చైర్మన్‌మధే ఫరక్ కాయ్? నువ్వే చెప్పు, వాళ్ళకు చైర్మన్‌కు ఏం ఫరక్?"

"నేను రాళ్ళు ఇసిరిన్నా?"

"బామ్మర్దిని ఇసిరినవ్!"

గట్టయ్య చెయ్యి లేచింది. ఓదెమ్మ లేచి మధ్యలోకి వచ్చింది. పెళ్ళీడు పిల్ల మీద చెయ్యి చేసుకోవడం ఆ ఇంట్లో లేదు. అతను చెయ్యి దించాడు. కానీ కోపం దిగలేదు. పొద్దుటి నుంచి గొంతులో అడ్డంపడ్డదంతా ఒక్కసారి పైకి వచ్చింది. సాంచల చప్పుడు మీదుగా, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

"ఏం మాట్లాడుతున్నవే నువ్వు? వాళ్ళూ మనమూ ఒక్కటేనా? ఆ చర్చోళ్ళను తెచ్చి నా నెత్తి మీద కూసోవెట్టాల్నా? వాళ్ళ కులమేంది, మన కులమేంది? వాళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగుతుంటే గల్లీల మనోళ్ళు ఎవలన్న నా ఇంట్ల మంచినీళ్ళు ముడ్తరా? పనికొస్తే పనిచ్చిన. గసుంటోళ్ళకు..."

కరెంటు పోయింది.

ఆ వేసవిలో కరెంటు చెప్పిన వేళకు పోదు, చెప్పని వేళకు పోతుంది. గల్లీలో ఉన్న సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పరుగెత్తే గుర్రానికి కళ్ళెం బిగించవచ్చు కానీ, ఎత్తుకున్న మాటను గట్టయ్య ఆపలేకపోయాడు.

"...నా ఇంట్ల జాగా లేదు!"

గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించింది.

ఎక్కడో ఒక కాకి అరిచింది. టెంపో ఇంజన్ కూడా డ్రైవర్ ఆపేశాడు. నాగావ్‌లో నిశ్శబ్దం అంటే జనానికి భయం. చెవులు గుయ్యిమంటాయి. అందులో ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపిస్తుంది.

సందు మొదట్లో దెబోరా చేతిలో కండె అలాగే ఉంది. నూలు తెగి ఆమె ఒళ్ళో పడింది. ఆమె దాన్ని తీయలేదు.

షెడ్డులోంచి కొండయ్య బయటికి వచ్చాడు. చేతిలో నాడె ఉంది. బనియన్ నిండా తెల్లటి నూలు దుమ్ము. గడప దగ్గరికి రాలేదు. సందులోనే, భార్య పక్కన ఆగాడు.

గట్టయ్య ఒకసారి గొంతు సవరించుకున్నాడు. అది కూడా గల్లీకి వినిపించింది.

"కొండయ్యా, అది... కోపంల ఏదో..."

"బామ్మర్ది అన్నవ్, ఊకున్న," అన్నాడు కొండయ్య. గొంతు పెంచలేదు. పెంచే అవసరం లేకపోయింది. "లేని బామ్మర్దిని పుట్టిచ్చినవ్. నా మొహం మీద అనలేక అన్నడు, మంచోడే, అనుకున్న. దెబోరాకు గూడ గట్లనే చెప్పిన. అన్నకు తిప్పలున్నయే, ఏం జేస్తడు అన్న."

"నీకు తెల్వదు కొండయ్యా, మనోళ్ళు..."

"నాకొకటి తెలుసు అన్నా." కొండయ్య చేతిలోని నాడె పైకెత్తాడు. "గిది ఎవలిది?"

గట్టయ్య నాడె వైపు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే, మూరెడుకు కాస్త తక్కువ పొడుగు చెక్క. రెండు కొసలకూ ఇనుప ములుకులు. దాని కడుపులో నూలు చుట్టిన కండె పెడతారు. కండె అయిపోయిన ప్రతిసారీ కొత్తది పెట్టి, దారపు కొసను నాడె పక్కనున్న చిన్న కంతలోంచి బయటికి తీయాలి. ఆ కంతలో వేలు దూరదు. అందుకని పెదవులు ఆనించి గట్టిగా పీలుస్తారు. దారం నోట్లోకి వస్తుంది. అట్లా పూటకు ఎన్నిసార్లు పీలుస్తారో ఎవరూ లెక్కపెట్టుకోరు. రంగు, దుమ్ము, ముందు షిఫ్టువాడి ఎంగిలి, అన్నీ కలిసే లోపలికి పోతాయి.

"నాలుగు సాంచలతోని మొదలు పెట్టినప్పుడు నీకు మనుషుల్లేరు," అన్నాడు కొండయ్య. "పగటి పాళి నువ్వు, రాత్రి పాళి నేను. నువ్వు దిగంగనే నేను ఎక్కుతుంటి. నీ నోట్లకెళ్ళి తీసిన నాడె నా నోట్ల వెట్టుకుంటి. తుడిస్తినా? నువ్వన్న తుడిస్తివా? నీకు కామెర్లైనప్పుడు గూడ తుడవలే. నీ ఉమ్మి నేను మింగిన, నా ఉమ్మి నువ్వు మింగినవ్. అప్పుడు నా కులం ఏడ వోయింది? కంతల ఇరికిందా?"

"పని వేరే, ఇల్లు వేరే," అన్నాడు గట్టయ్య. తనకే నమ్మకం లేని గొంతుతో అన్నాడు.

ఎదురు అరుగు మీద బుచ్చమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "గట్టయ్య ఉన్నమాటే అన్నడు. అండ్ల తప్పేమున్నది? ఎవల జాగల వాళ్ళు ఉండాలె. మనం ఊకుంటమా ఏంది?"

మెచ్చుకున్నవాళ్ళను చూసి గట్టయ్య ఇంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదు. పొద్దుటి నుంచి ఇది రెండో మెప్పు.

ఓదెమ్మ పాలగిన్నె అందుకుంది. ఇనుప మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఆర్తి తప్పుకుని దారి ఇచ్చింది. పోనీ ఒక గొడవ తీరింది అనుకుని గట్టయ్య హమాలీలకు సైగ చేశాడు. వాళ్ళు బీరువా తాడు విప్పడానికి లేచారు.

సగం మెట్ల మీద ఓదెమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది.

"దెబోరా!"

దెబోరా తలెత్తింది.

"గ్యాసు పొయ్యి టెంపోల ఉన్నది. కొండయ్యను పట్కరమ్మను. నువ్వు అగ్గిపెట్టె పట్కోని రా. పొయ్యి నువ్వే ముట్టియ్యాలె. పాలు నీ చేతుల పొంగాలె."

"ఓదెమ్మా!" గట్టయ్య గొంతు పగిలింది.

"నువ్వు సప్పుడు చెయ్యకు. గేటు కాడ గిన్నె పట్టుకోని నిలవడ్డది నేను. నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాక చూసిండ్రు వాళ్ళు. ఎట్ల చూసిండ్రో నీకు తెల్వది, నువ్వు మరాఠీ మాట్లాడుకుంట ఉన్నవ్. గా చూపు ఇంకో ఆడిదాని మీద నా ఇంట్లకెళ్ళి పడనియ్య. అర్ర నా పేరు మీద లేకపోతే మాయె. ఇటుకలు మోసింది నేను."

గల్లీ అంతా చెవులు రిక్కించుకుని ఉంది. తలుపుల్లో, కిటికీల్లో, ఆగిన షెడ్ల ముందు జనం. ఇక అందరూ చూసేది దెబోరానే.

దెబోరా లేచి ఒళ్ళోని నూలు దులుపుకుంది. సందులోంచి బయటికి వచ్చి మెట్ల ముందు నిలబడింది. సన్నటి మనిషి. పదిహేనేళ్ళలో ఆమె ఆ ఇంటి ముందు గొంతెత్తి మాట్లాడడం ఎవరూ వినలేదు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది కానీ కళ్ళల్లో నీళ్ళు లేవు.

"నీ మనసు నాకు తెలుసు అక్కా," అంది. "వానలు వస్తున్నయి. బ్లెస్సీని పట్టుకోని నేను ఏడ ఉండాలె? నువ్వు పిలిస్తే ఉరుక్కుంట రావాలె. కానీ రాను."

"ఎందుకు రావు?"

"నువ్వు రమ్మంటే అది మనిద్దరి మధ్యల మాట. వద్దన్న మాట గల్లీ అంత ఇన్నది. రేపు నేను ఈ మెట్లు ఎక్కి దిగుతుంటే గా మాటనే ఇనవడ్తది అందరికి. ఓదెమ్మ జాలివడి తెచ్చి పెట్టుకున్నది అంటరు. నేను జాలి అడగలే అక్కా. కిరాయికి అడిగిన. అన్న నన్ను పిలవాలె. ఎంత గట్టిగ జాగా లేదన్నడో, గంత గట్టిగ రమ్మని అనాలె. బుచ్చమ్మ పెద్దవ్వకు ఇనవడాలె. ఆ మూలమీద షెడ్డోళ్ళకు ఇనవడాలె. అప్పుడు వస్త. అనకపోతే, సాంచల కాడికి గూడ రేపటి సంది మేమిద్దరం రాము."

కొండయ్య భార్య వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఇది వాళ్ళిద్దరూ అనుకుని చెప్పిన మాట కాదని అందరికీ అర్థమైంది. అతను ఒక్క క్షణం ఆగి, నాడెను తీసుకొచ్చి అరుగు మీద పెట్టాడు. దారం కొస ఇంకా తడిగానే ఉంది.

"ఆమె చెప్పినట్టే అన్నా," అన్నాడు.

అందరి కళ్ళూ గట్టయ్య మీదికి తిరిగాయి.

ఒక్క మాట. "రా చెల్లే" అంటే చాలు. చిన్నప్పుడు ఆగయ్య చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం దాటిన పిల్లవాడు గట్టయ్యలో ఎక్కడో ఉన్నాడు. ఆ పిల్లవాడు అనెయ్యమంటున్నాడు. ఎదుట బుచ్చమ్మ అరుగు మీద కాళ్ళు ఊపుతూ చూస్తోంది. ఆమె వెనక ఆమె కొడుకులు. రేపు కులసంఘంలో ఏమంటారో, ఆర్తి సంబంధాలకు ఎవరొస్తారో, అన్నీ గట్టయ్య కళ్ళ ముందు తిరిగాయి.

అతను నోరు తెరిచాడు. మూశాడు. పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. తుడుచుకోవాల్సింది ఇంకేమీ లేకపోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బాపు," అంది ఆర్తి. గట్టిగా కాదు. "అను బాపు. దేఖ్, సగ్ళే ఐక్తాత్. అందరు ఇంటున్నరు."

వాళ్ళు వింటున్నారు కనకనే అనలేకపోతున్నాడు. ఈ సంగతి పిల్లకు ఎట్లా చెప్పడం?

ఎండ నడినెత్తికి వస్తోంది. ఓదెమ్మ గిన్నె మీద కొంగు కప్పింది. పాల వాసన అప్పుడే కొంచెం మారినట్టు ఆమెకు అనిపించింది.

మూలమీద షెడ్డులో ఒక మోటారు మూలిగింది. ఇంకొకటి. కరెంటు వచ్చింది. పనివాళ్ళు సాంచల పిడులు లాగారు. ఒక్కొక్క షెడ్డే అందుకుని, చూస్తుండగానే గల్లీ అంతా మళ్ళీ టకటకలతో నిండిపోయింది. గట్టయ్య ఎనిమిది సాంచలు మాత్రం ఆడలేదు. వాటి దగ్గర ఎవరూ లేరు.

అప్పుడు గట్టయ్య పెదవులు కదిలాయి.

దెబోరా చూసింది. ఆర్తి చూసింది. అతను ఏదో అన్నాడు. చెయ్యి కూడా మెట్ల వైపు కొద్దిగా ఊపాడు. చప్పుడు పూర్తిగా అందుకునేదాకా ఆగి, అది వచ్చాక ఆ చాటున అన్నాడు. పక్కన నిలబడ్డ హమాలీకి కూడా ఆ మాట చేరలేదు. గేటు దగ్గర మూగవాడైన మనిషి సొంత గుమ్మం ముందు దొంగవాడయ్యాడని ఆర్తికి ఏడుపొచ్చినంత పనైంది.

బుచ్చమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఏమన్నాడని కొడుకును అడుగుతోంది.

దెబోరా తల అడ్డంగా ఊపింది. గట్టయ్య దగ్గరికి రెండడుగులు వేసి, అతను వినేలా అరిచింది.

"ఇనవడలే అన్నా!"

గట్టయ్య కళ్ళు దించుకున్నాడు.

దెబోరా వెనక్కి వెళ్ళి ఇనుప మెట్లలో అడుగు మెట్టు మీద కూర్చుంది. పైన సగం మెట్ల మీద ఓదెమ్మ కూడా, పాలగిన్నె ఒళ్ళో పెట్టుకుని, పట్టుచీర నలిగిపోతున్నా చూడకుండా కూర్చుంది. టెంపో డ్రైవర్ మళ్ళీ హారన్ కొట్టాడు. ఎవరూ అతని వైపు తిరగలేదు.

దెబోరా కొంగుతో మొహం తుడుచుకుని మరోసారి అరిచింది.

"ఈడనే కూసుంట! కరెంటు మళ్ళ పోతది గద!"